మెట్టుగుట్ట నీడన పల్లీ బిస్కెట్లు

కాజీపేట జంక్షన్‌లో రైలు దిగి హైదరాబాదు రోడ్డు పట్టుకుంటే, కొద్దిసేపటికే బండరాళ్ళ గుట్ట ఒకటి కనబడుతుంది. దాని నెత్తిన రెండు రాతి స్తంభాలు కవలపిల్లల్లా పక్కపక్కన నిలబడి వుంటాయి. ఎవరో పనిగట్టుకుని పేర్చినట్టే వుంటాయి గాని, ప్రకృతి పేర్చినవే. అది మెట్టుగుట్ట. ఊరు మడికొండ. గుట్టమీద రామలింగేశ్వరస్వామి ఆలయం, బండల నడుమ నీటి గుండాలు, శివరాత్రికి పెద్ద జాతర. “పోతన చరిత్రము” రాసిన వానమామలై వరదాచార్యులు గారు 1912లో పుట్టింది ఈ ఊళ్ళోనే. ఒకనాడు వరంగల్లుకు ఎడంగా వుండిన ఈ పల్లె ఇప్పుడు నగరంలో కలిసిపోయింది. జిల్లా పేరు కూడా 2021లో హనుమకొండ అయింది. మరమగ్గాలు వచ్చాయి. 2020 జనవరిలో టెక్ మహీంద్రా, సయెంట్ కంపెనీలు ఇక్కడే తమ ఆఫీసులు తెరిచాయి. పొలం గట్టు మీద పెరిగిన పిల్లలు ఇప్పుడు చల్లటి గదుల్లో కుర్చీలకు అతుక్కుని పనిచేస్తున్నారు.

ఆరోగ్య శీర్షికలో ఈ గుట్టల గొడవ ఎందుకని అడుగుతారేమో! వస్తున్నాను.

నేను వెళ్ళింది స్నేహితురాలి ఇంటికి. ఆమె టీచరుగా పనిచేసి రిటైరయింది. భర్త రైల్వేలో పనిచేసి పదవీ విరమణ చేశారు. కొడుకు, కోడలు, ఎనభయ్యో పడి దాటిన అత్తగారు, అందరూ ఒకే ఇంట్లో. పొద్దున్నే గుట్ట ఎక్కుదామని బయలుదేరాము. మెట్ల దగ్గరకు వచ్చేసరికి నా స్నేహితురాలు ఆగి, “నువ్వు పోయిరా. నాకు మోకాళ్ళు, ఆయనకు షుగరు. ఇద్దరం ఇక్కడనే కూసుంటం” అంది. అప్పుడే ఎదురుగా టీ కొట్టు కనబడింది. గాజు సీసాలలో వరుసగా బిస్కెట్లు. ఆయన చాయ్ తెప్పించుకుని, అందులో చక్కెర వేయవద్దని గట్టిగా చెప్పి, నాలుగు బిస్కెట్లు ముంచుకుని తిన్నారు!

నవ్వకండి. ఇది మీ ఇంట్లోనూ జరుగుతున్నదే. నాకు వచ్చే ఉత్తరాలలో మధుమేహం వున్నవారు రాసే మాట ఒకటి తరచు కనబడుతుంది: “అమ్మా, నేను స్వీట్లు ముట్టను. అన్నం తగ్గించాను. ఆకలైతే రెండు బిస్కెట్లు మాత్రం తింటాను.” బిస్కెట్టుకు మన ఇళ్ళల్లో విచిత్రమైన పేరు వుంది. జ్వరం వచ్చిన పిల్లవాడికి పెట్టేది బిస్కెట్టు, ఆస్పత్రిలో రోగిని చూడబోతూ పట్టుకెళ్ళేది బిస్కెట్టు పొట్లం. అందువల్ల అది రోగుల ఆహారమని, తేలికని, నిరపాయమని తరతరాలుగా మనసులో నాటుకుపోయింది. నిజానికి అందులో వున్నది మైదా, చక్కెర, ఏదో ఒక క్రొవ్వు. హైదరాబాదు ఇరానీ హోటళ్ళ ఉస్మానియా బిస్కెట్టుకు అంత రుచి వుండటానికి కారణమూ అవే. మైదాలో నూటికి డెబ్బయ్ అయిదు పాళ్ళ వరకు పిండిపదార్థమే. పీచు దాదాపు శూన్యం. టీలో ముంచుకునే పల్చటి బిస్కెట్లు నాలుగు కలిపితే ఇరవై గ్రాముల పైచిలుకు బరువు. అందులో పదిహేను గ్రాములకు పైగా పిండిపదార్థం, చక్కెర. అంటే చాయ్‌లో మూడు చెంచాల చక్కెర మానేసి, దాన్నే బిస్కెట్టు రూపంలో ముంచుకుని తిన్నట్టు.

మన దేశంలో మధుమేహం వున్నవారు 10 కోట్ల పైచిలుకు అని భారత వైద్య పరిశోధనా మండలి సర్వే 2023లో ప్రకటించింది. ఆ అంచుకు చేరినవారు మరో 13 కోట్ల 60 లక్షలు. కాబట్టి సాయంత్రం నాలుగు గంటల చాయ్‌తో ఏం తినాలన్నది చిన్న ప్రశ్న కాదు.

ఆ ఇంట్లో ఈ ప్రశ్నకు కోడలు ఒక జవాబు వెతికింది. ఆఫీసులో ఎవరో చెప్పగా విని, మైదా లేకుండా బాదం పిండితో బిస్కెట్లు చేసింది. బాదం పిండి, వెన్న, డబ్బాలో అమ్మే తీపి పొడి. బాగానే వచ్చాయట. కాని సామాను చీటీ చూసి అత్తగారికి గుండె జారింది. “ఆంటీ, ఒక్కసారి చేసిన. అత్తమ్మ ఆ రోజు నుంచి డబ్బా తాళమేసి పెట్టింది” అని నవ్వుతూ చెప్పింది ఆ అమ్మాయి.

బాదం పిండి వంట ఈనాటి ఫ్యాషన్ అనుకుంటారు చాలామంది. కాదు. ఇన్సులిన్ ఇంజెక్షన్ మొదటిసారి రోగికి ఇచ్చింది 1922లో. అంతకుముందు మధుమేహానికి ఆహార నియమం తప్ప వేరే దారే లేదు. ఆ రోజుల్లో, అంటే 19వ శతాబ్దంలో, లండన్‌లోని గైస్ ఆస్పత్రి వైద్యుడు పేవీ అనే ఆయన, రొట్టె లేకుండా బతకలేని తన రోగుల కోసం బాదం పిండితో రొట్టెలు, బిస్కెట్లు చేయించి పెట్టాడు. రోగిని రొట్టె మానెయ్యమనడం తేలిక. దాని చోట చేతిలో ఏదో ఒకటి పెట్టడం అసలు వైద్యం. ఆయన అది గ్రహించాడు. కాకపోతే బాదం ఆయన దేశంలో అందుబాటులో వున్న వస్తువు. మనకు?

మనకు పల్లీలు. కోస్తావారికి వేరుసెనగ, రాయలసీమలో కొన్నిచోట్ల బుడ్డలు. పేరు ఏదైనా గింజ ఒకటే. (వృక్షశాస్త్రం ప్రకారం ఇది బాదం, జీడిపప్పుల జాతి కాదు, కందులు పెసల జాతి. దక్షిణ అమెరికా నుంచి వచ్చి మన మట్టిలో కాపురం పెట్టింది. వంటింటికి ఈ తేడాతో పనిలేదు.) వంద గ్రాముల పల్లీలలో మాంసకృత్తులు సుమారు పాతిక గ్రాములు, క్రొవ్వు నలభై అయిదు నుంచి యాభై. పిండిపదార్థం, పీచుతో సహా లెక్కవేసినా, పాతిక గ్రాములు దాటదు. మైదాతో పోల్చి చూడండి. మడికొండ పరిసరాల్లో పల్లీలూ నువ్వులూ కొత్త సరుకు కాదు. సద్దుల బతుకమ్మ నాడు పల్లీల సత్తు, నువ్వుల సత్తు దంచని ఇల్లు వుండదు. ఆ సత్తులో సగం బెల్లమో చక్కెరో వుంటుంది, అది వేరే సంగతి. సంక్రాంతికి సకినాలు చేస్తారు. బియ్యప్పిండిలో నువ్వులు, వాము వేసి, చేత్తో చుట్టలు తిప్పి, నూనెలో కాల్చేవి.

నా స్నేహితురాలు ఈ రెంటినీ జోడించింది. కోడలి బిస్కెట్టులో బాదం తీసేసి పల్లీ వేసింది. తీపి తీసేసి సకినం రుచి తెచ్చింది. నేను తిన్నాను. బాగున్నాయి. అందుకే పద్ధతి అడిగి రాసుకున్నాను.

పావుకిలో కంటే కొంచెం తక్కువ, అంటే 200 గ్రాముల పల్లీలు సన్నటి సెగమీద దోరగా వేయించండి. చల్లారాక పొట్టు చెరిగి, పూర్తిగా ఆరనివ్వండి. ఈ “పూర్తిగా” అన్నమాట మరచిపోకండి. వేడి తగ్గకుండా మిక్సీలో వేస్తే పల్లీలోని నూనె వూరి ముద్ద అయిపోతుంది. మిక్సీని ఒకే పట్టున తిప్పకుండా, ఆపి ఆపి తిప్పి, రవ్వకంటె మెత్తగా, పిండికంటె గరుకుగా పట్టుకోవాలి. అందులో రెండు పెద్ద చెంచాల వేయించిన నువ్వులు, ఒక చిన్న చెంచా వాము నలిపి, అర చెంచా మిరియాల పొడి, పావు చెంచా ఉప్పు, పావు చెంచా బేకింగ్ పౌడరు కలపండి. ఒక పెద్ద చెంచా నెయ్యి చాలు. చివర ఒక కోడిగుడ్డు గిలకొట్టి పోసి, ముద్దగా కలపండి. నీళ్ళు అక్కర్లేదు.

గుడ్డు తినని ఇళ్ళల్లో ఒక పెద్ద చెంచా అవిసె గింజల పొడిని మూడు చెంచాల నీళ్ళలో పది నిమిషాలు నానబెడితే జిగురుగా తయారవుతుంది. దాన్ని వాడండి. ఈ జిగురు ఎందుకంటారా? గోధుమలో, మైదాలో సాగే గుణం వున్న మాంసకృత్తు వుంది. రొట్టె సాగేది, బిస్కెట్టు పట్టుకుని వుండేది దాని బలం మీదనే. పల్లీలో అది లేదు. గుడ్డో అవిసెలో లేకపోతే బిస్కెట్టు పొడి పొడిగా రాలిపోతుంది.

ఈ ముద్దను ఇరవై వుండలు చేసి, తడి చేత్తో అర వేలు మందాన వత్తండి. ఓవెన్ వున్నవారు 160 డిగ్రీల దగ్గర పన్నెండు నుంచి పదిహేను నిమిషాలు వుంచితే చాలు. లేనివారు బెంగపడవద్దు. ఆ ఇంట్లోనూ ఓవెన్ లేదు. అడుగు మందంగా వున్న పాత గంజు ఒకటి తీసుకుని, అడుగున రెండు వేళ్ళ ఎత్తు రాళ్ళ ఉప్పు పోసి, మధ్యలో చిన్న స్టాండు పెట్టి, మూతపెట్టి పది నిమిషాలు మధ్యరకం మంట మీద కాగనివ్వాలి. తరువాత నెయ్యి రాసిన పళ్ళెంలో బిస్కెట్లు పేర్చి లోపల దించి, మూతపెట్టి, మంట బాగా తగ్గించి ఇరవై నిమిషాలు వుంచాలి. అంచులు ఎర్రబడితే అయినట్టే. ఆ ఉప్పును సీసాలో పోసి దాచుకుంటే ఈ పనికే మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చు. దయచేసి మంచి కుక్కరును నీళ్ళు లేకుండా కాల్చి పాడుచేసుకోకండి.

దించగానే మెత్తగా వున్నాయని కంగారుపడి ముట్టుకోవద్దు, విరిగిపోతాయి. పావుగంట చల్లారితే వాటంతట అవే గట్టిపడతాయి. గాలి చొరని డబ్బాలో వారం రోజులు వుంటాయి. అంతకంటె ఎక్కువ చేసి పెట్టుకోవద్దు. పల్లీ నూనె త్వరగా కంపు పడుతుంది.

తీపి కావాలనేవారు వుంటారు. మొత్తం ముద్దకు 20 గ్రాముల చక్కెర, యాలకుల పొడి వేసుకుంటే ఒక్కో బిస్కెట్టుకు ఒక్క గ్రామే పడుతుంది. అది పెద్ద నేరమేమీ కాదు. కాని “బెల్లం వేస్తే ఫరవాలేదు, తేనె వేస్తే ఫరవాలేదు” అనే మాట మాత్రం నమ్మకండి. రక్తంలోకి చేరాక బెల్లానికీ చక్కెరకూ మీ శరీరం పెద్దగా తేడా చూడదు. ఇక డబ్బాలలో దొరికే చక్కెర లేని తీపి పొడుల సంగతి. బరువు తగ్గడానికి వీటిమీద ఆధారపడవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది. ఆ సలహా అప్పటికే మధుమేహం వున్నవారికి వర్తించదని కూడా చెప్పింది. నా మట్టుకు, నాలుక తీపి అడగడం మానేలా అలవాటు చేసుకోవడమే మేలనిపిస్తుంది. సకినం రుచి బిస్కెట్టు తింటూ తీపి కావాలని ఎవరూ అడగరు.

ఇక లెక్కలు. తీపి వేయని బిస్కెట్టు ఒక్కటి పదమూడు గ్రాముల వరకు తూగుతుంది. పిండిపదార్థం రెండు మూడు గ్రాములు, అందులో కొంత పీచే. బాగుంది కదా! కాని కేలరీలు డెబ్బయ్ అయిదు దాకా వుంటాయి. రెండు తింటే నూట యాభై. టీ కొట్టులోని పల్చటి బిస్కెట్లు నాలుగింటికి వంద. అంటే చక్కెర విషయంలో పల్లీ బిస్కెట్టు గెలుస్తుంది, కేలరీలలో ఓడుతుంది. అయితే మాంసకృత్తులు, పీచు, క్రొవ్వు వుండటం వల్ల రెండింటితోనే కడుపు నిండినట్టవుతుంది. మైదా బిస్కెట్టు పొట్లం చివరిదాకా లాక్కెళుతుంది. కాబట్టి రోజుకు రెండు. మూడోది లేదు.

ఈ మాట ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఆ ఇంటి పెద్దమనిషే. చక్కెర లేదు కదా అని ఆయన టీవీ ముందు కూర్చుని ఎనిమిదేసి లాగించేవారు. అది ఆరు వందల కేలరీలు, ఒక పూట భోజనం! అంతటితో ఆగినా బాగుండేది. ఒకరోజు ఆ ఎనిమిదీ తిని, కడుపు నిండింది గనుక మధ్యాహ్నం అన్నం మానేశారు. షుగరు మాత్ర మాత్రం మామూలుగా వేసుకున్నారు. రెండు గంటలు గడిచేసరికి చెమటలు, చేతులు వణుకు, మాట తడబాటు. ఇంట్లోవాళ్ళు షుగరు పడిపోయిందని సరిగ్గానే గుర్తుపట్టారు. కాని నోట్లో ఏం పెట్టారు? ఆ పల్లీ బిస్కెట్లే! ఎంతకీ తేరుకోలేదు. పక్కింటామె చక్కెర నీళ్ళు పట్టుకుని పరుగెత్తుకొచ్చి తాగించాక కుదుటపడ్డారట. “ఆ పొద్దు నా పానం పోయింది” అంది నా స్నేహితురాలు.

ఈ సంఘటనలో నేర్చుకోవలసింది చాలా వుంది. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్, ఇవి మీరు తిన్నా తినకపోయినా తమ పని తాము చేస్తాయి. వీటిమీద వున్నవారు పిండిపదార్థాలు ఉన్నట్టుండి తగ్గిస్తే రక్తంలో చక్కెర ప్రమాదకరంగా పడిపోవచ్చు. అందుచేత ఆహారం మార్చేముందు మందు మోతాదు గురించి మీ డాక్టరుతో మాట్లాడాలి. మీ అంతట మీరు మాత్ర మానడమూ తప్పే. పల్లీ బిస్కెట్టు మందు కాదు, భోజనమూ కాదు. సాయంత్రం చాయ్ పక్కన పెట్టుకునే చిరుతిండి, అంతే.

రెండో సంగతి. చక్కెర పడిపోయినప్పుడు ఈ బిస్కెట్టు ఎందుకు పనిచేయదు? అందులో చక్కెర లేదు గనుక. పైగా క్రొవ్వు జీర్ణక్రియను నెమ్మది చేస్తుంది. మామూలు రోజుల్లో మేలు చేసే గుణమే ఆ సమయంలో అడ్డం వస్తుంది. అప్పుడు కావలసింది అర గ్లాసు నీళ్ళలో మూడు నాలుగు చెంచాల చక్కెర లేదా గ్లూకోజు. పావుగంట ఆగి చూసి, తగ్గకపోతే మళ్ళీ అంతే ఇవ్వాలి. తేరుకున్నాక భోజనం పెట్టాలి. వోగ్లిబోస్, అకార్బోస్ అనే మాత్రలు వాడేవారికి మామూలు చక్కెర త్వరగా పనిచేయదు. వారి ఇంట్లో గ్లూకోజు పొడి తప్పకుండా వుండాలి. స్పృహ లేని మనిషి నోట్లో మాత్రం ఏమీ పోయకండి. 108కి ఫోను చేసి ఆస్పత్రికి తీసుకువెళ్ళండి.

పల్లీలు కొనేటప్పుడు ఒక జాగ్రత్త. చవకగా వస్తున్నాయని ముడుచుకుపోయినవి, రంగు మారినవి, బూజు పట్టినవి తీసుకోవద్దు. తేమ తగిలిన పల్లీలలో ఒక రకం బూజు పెరిగి ఎఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారుచేస్తుంది. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా సీమకోళ్ళు అంతుపట్టని జబ్బుతో చనిపోయాయి. ఆరా తీస్తే వాటికి పెట్టిన వేరుసెనగ పిండిలో ఈ విషం బయటపడింది. మనిషికి ఇది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, దీర్ఘకాలంలో కాలేయ క్యాన్సరుకు దారితీస్తుంది. మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ శాస్త్రవేత్తలు పల్లీలలో దీన్ని తక్కువ ఖర్చుతో కనిపెట్టే పరీక్ష తయారుచేశారు. కాని వంటింట్లో మీకున్న పరీక్ష కన్ను, నాలుక. వేయిస్తే విషం పోతుందనుకోకండి, పూర్తిగా పోదు. చేటలో పోసి, ఒక్కొక్కటీ ఏరండి. నా స్నేహితురాలి అత్తగారు ఈ పని ఎంత శ్రద్ధగా చేస్తుందో చూడాలి! కళ్ళు మసకేసినా చేతి వేళ్ళతో తడిమి పుచ్చు గింజను పక్కకు నెట్టేస్తుంది.

పల్లీ పడనివారు కొందరుంటారు. తినగానే దద్దుర్లు, పెదవులు వాయడం, ఊపిరి ఆడకపోవడం జరిగితే మళ్ళీ ముట్టవద్దు, ఆ ఇంట్లో చేయనూ వద్దు. మూత్రపిండాల జబ్బు వున్నవారు డాక్టరును అడగకుండా మొదలుపెట్టకండి. రక్తపోటు వున్నవారు ఆ పావు చెంచా ఉప్పును కూడా తగ్గించవచ్చు, వాము రుచి దాన్ని కప్పేస్తుంది.

ఆ అత్తగారికి పళ్ళు లేవు. “గట్టిగున్నయి బిడ్డా, నేనెట్ల తినాలె?” అని నన్నే అడిగింది. రెండు బిస్కెట్లు చిదిపి, గట్టి పెరుగులో కలిపి, పది నిమిషాలు నాననిచ్చి పెట్టమన్నాను. వృద్ధులకు అది చక్కటి సాయంత్రపు ఆహారం. మూడేళ్ళ మనవడికి కూడా అలాగే, మెత్తగా చేసి పెట్టాలి. ఆ వయసు పిల్లల చేతికి విడి పల్లీగింజలు ఇవ్వకండి, గొంతుకు అడ్డం పడతాయి.